పియానో ప్రవేశపరీక్షకు ధ్వనిముద్రణము

సంగీత విద్యాలయమున ప్రవేశింపగోరు విద్యార్థి పూర్వము రైలెక్కి పరీక్షకుని యెదుటకు పోవలసియుండెను. ఇప్పుడు పెక్కు విద్యాలయములు తొలి పరీక్షను ముద్రించి పంపిన వాద్యముతోనే జరుపుచున్నవి. 1889లో లండనునందు స్థాపింపబడిన ఏ.బి.ఆర్.ఎస్.ఎం. అను పరీక్షాసంస్థయు 2020 మొదలు వీడియో మూలమున ఒక విధమగు పరీక్షను నడుపుచున్నది. శంకరంపేటనుండి పిల్లలను దూరదేశములకు పంపజాలని తలిదండ్రులకు ఇది మేలే. అయితే బిడ్డ వ్రేళ్లకును పరీక్షకుని చెవికిని నడుమ ఒక యంత్రము వచ్చి నిలిచినది. దానిని గూర్చి మేము తప్పుచేసి నేర్చుకొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

మన పిల్లలలో పలువురు దేవాలయమున హార్మోనియముపై కీర్తనలు వాయించి, ఆపైన పియానోకు వచ్చినవారు. హార్మోనియమునందు ఎడమచేయి తిత్తిని ఆడించును, కుడిచేయి మెట్లను నొక్కును. మెట్టును మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను ధ్వని యొక్కటియే. బలమంతయు గాలిలో నున్నది. పియానోయందు అట్లు కాదు. మెట్టు నొక్కగనే లోపలి చిన్న సుత్తి తంతిని కొట్టును. వ్రేలి వేగమును బట్టి ధ్వని పెద్దదో చిన్నదో యగును. ఒకసారి మ్రోగిన స్వరమును మరి పెంచుటకు వీలులేదు. అది క్రమముగా సన్నగిల్లి అణగిపోవును. ఈ హెచ్చుతగ్గులను, ఈ సన్నగిల్లుటను పిల్ల యెట్లు నడిపినదో పరీక్షకుడు ముఖ్యముగా వినును.

కొన్ని యేండ్ల క్రిందట మా శిష్యురాలొకతె ఒక విద్యాలయమునకు దరఖాస్తు చేసెను. మేమే సెల్‌ఫోనును పియానోమీద నుంచి ముద్రించి పంపితిమి. స్పర్శలో భేదము వినబడలేదని ప్రత్యుత్తరము వచ్చెను. మొదట మేము పరీక్షకులనే శంకించితిమి. పిమ్మట చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని వినగా సంగతి తెలిసినది. ఫోను మనుష్యుల మాటలకై చేయబడిన యంత్రము. అది చిన్న ధ్వనిని తనంతట పెంచును, పెద్దదానిని తగ్గించును. సన్నగిల్లుచున్న స్వరపు కొసను వట్టి రొదయనుకొని తుడిచివేయును. అనగా మా ఫోను పియానోను హార్మోనియముగా మార్చివేసినది. తప్పు మాది, ఒక సంవత్సరము పోయినది మాత్రము ఆ పిల్లకు.

కాబట్టి ధ్వనిమట్టమును చేతితో సరిచేయనిచ్చు రికార్డింగు యాప్‌నే వాడవలెను. రొదను తుడుచు ఏర్పాటును ఆపివేయవలెను. కృతిలో మిక్కిలి బిగ్గరగా నుండు భాగమును ముందుగా వాయింపజేసి, అప్పటి మట్టము గరిష్ఠపు గీతకు ఆరు డెసిబెల్లులైనను దిగువ నుండునట్లు సరిచేసి, ఆపైన ముట్టుకొనరాదు. గీత దాటిన ధ్వని పగిలిపోవును. దానిని బాగుచేయుట దుర్లభము. ఫోనును పియానోపై నుంచినచో సుత్తుల చప్పుడు, పెడలు కిర్రుమనుట కూడ ఎక్కును. అయిదారడుగుల దూరమున, కూర్చున్నవాని చెవియెత్తున నిలుపుట మంచిది.

మెదకు దేవాలయమున ముద్రించిన ఘనముగా నుండునుగదా యని కొందరు తలిదండ్రులు మమ్మడిగిరి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మందిరము సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గలది. వేలమంది కలిసి పాడుటకు అంతకంటె తగిన చోటు లేదు. కాని ఆ రాతిగోడలనుండి తిరిగివచ్చు ప్రతిధ్వనిలో పియానో యొక్క వేగమైన స్వరములు ఒకదానిలో నొకటి కలిసిపోవును. తెరలు, చాపలు, పుస్తకముల బీరువాలు గల చిన్న గదియే మేలు. ఫంకా ఆపవలెను గనుక వేసవిలో తెల్లవారుజామునే కూర్చుండవలెను. కోడికూతను మాత్రము ఎవరాపగలరు!

వానకాలపు తేమకు పియానో పలకలోని కొయ్య ఉబ్బి శ్రుతి హెచ్చును, పొడిగాలికి తగ్గును. కావున ముద్రించు వారముననే శ్రుతి చేయింపవలెను.

ఇక నొక మాట. మూడవ కృతిలో తప్పు దొరలినచో వేరొక ముద్రణమునుండి ఆ ముక్కను తెచ్చి అతికింపవచ్చునా యని యడుగువారు కలరు. కూడదు. పైన చెప్పిన సంస్థ నాలుగు కృతులను నడుమ నాపక ఒకే ముద్రణమున కోరును. కృతికి 30 మార్కులు, మొత్తపు వాదనమునకు 30, వెరసి 150. కృతికొక ముద్రణము చాలునను విద్యాలయములును కలవు గనుక నిబంధనలను ముందుగా చదువవలెను. అయినను ఒక కృతిలోపల అతుకు పెట్టుట మా దృష్టిలో పరీక్షలో చూచి వ్రాయుటయే. ఒక స్వరము తప్పినందువలన పిల్ల చెడదు, తప్పి ఆగినచో చెడును. దినమునకు మూడుమారులకంటె ఎక్కువ వాయింపనీయము. ఆ తరువాత వ్రేళ్లును మనస్సును అలయును.

కెమెరాను ప్రక్కగా నుంచి ముఖము, రెండుచేతులు, పెడళ్లు కనబడునట్లు చూడవలెను. తిత్తికి అలవాటుపడిన ఎడమచేయి బలహీనమైనచో అచ్చట దాగదు. దానికి ముందే ఆరు నెలలు విడిగా సాధన చేయింపవలెను.

మరుసటి యేట మా శిష్యురాలు మరల పంపెను. ఈమారు పంపుటకు ముందు కొసవరకు విన్నది ఆమెయే. మాకు బాగుగనే తోచిన మొదటి రెండింటిని త్రోసివేసి మూడవదానిని పంపెను.