పాతికేళ్లు నిలబడిపోయిన బండి



నిరుడు ఓ పెద్దాయన దగ్గర 1968 నాటి మోరిస్ మైనర్ కొన్నాను. 1999 నుంచి గ్యారేజీ దాటలేదు. మీటరు మీద 23 వేల మైళ్లే. "ఆట్టే తిరగలేదు, కొత్తదాని కిందే లెక్క" అన్నారాయన. నాన్నగారి అంబాసిడర్ వెనక సీట్లో పెరిగినవాణ్ణి, కరిగిపోయాను. అంబాసిడర్‌కి మూలం ఇక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. మైనర్ కూడా ఆ ఇంటి పిల్లే.

ఆ మీటరులో అంకెలు ఐదే. లక్ష మైళ్లు దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. అందుకే పాత ఎమ్మోటీ కాగితాలతో పోల్చి చూశాను. మైళ్లు నిజమే. నేను మోసపోయింది "కొత్తదాని కిందే లెక్క" అన్న మాట దగ్గర.

మా ఐటీ వాళ్లకి ఏదైనా ముందు ఆన్ చేసి చూడటం అలవాటు కదా. నేనూ ముందు ఇంజను సంగతే చూశాను. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి రెండు రోజులు ఆగి, ముందువైపు హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పాను. తిరిగింది. ఆయిల్ మార్చాను. వార్నిష్ వాసన కొడుతున్న పాత పెట్రోలు తీసేశాను. బ్యాటరీ దగ్గర కొంచెంలో తప్పింది: ఈ బండికి బాడీకి తగిలించేది ప్లస్ తీగ! ఇంజను పలికేసరికి ఇంటిల్లిపాదీ చప్పట్లు.

ఆ ఊపులో ఇంటి ముందు వాలులో నాలుగడుగులు కదిపి బ్రేకు తొక్కాను. పెడల్ నేలకి అంటుకుపోయింది. బండి ఆగలేదు. ఎదురుగా మా పాప సైకిలు. హ్యాండ్‌బ్రేకు వేరే కేబుల్ మీద వెనక చక్రాలకి పనిచేస్తుంది కాబట్టి అది లాగాను, ఆగింది. పాప సైకిలు మీద లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జరిగింది ఇదీ. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే సిలిండర్లు లోపల తుప్పు పడతాయి, రబ్బరు సీళ్లు గట్టిపడి చీలతాయి. తిరిగే బండికైతే ఎవరో ఒకరు చూస్తుంటారు. నిలబడ్డ బండికి ఎవరూ చూడరు. కాబట్టి ముందు ఆగడం నేర్పాలి, తర్వాతే నడవడం. డ్రైవర్ కాళ్ల కింద నేలలో దాగున్న మాస్టర్ సిలిండర్‌తో సహా గొట్టాలు, చక్రాల సిలిండర్లు అన్నీ కొత్తవి వేయించాను.

టైర్ల గాడులు నిండుగా ఉన్నాయి, కానీ పక్కన తేదీ కోడ్ మూడంకెలే. 2000 నుంచి నాలుగంకెలు వేస్తున్నారు. అంటే ఇవి అంతకు ముందువి. నాలుగూ మార్చాను. ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అని మరలున్న కీలు ఒకటుంది. గ్రీజు ఎండి మరలు అరిగితే చక్రం పక్కకి పడిపోతుంది. అదీ విప్పించాను. ఇక్కడ 2021 నుంచి మామూలు పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరుకి పడదు. అందుకని పెట్రోలు గొట్టాలు మార్చి, ఇథనాల్ తక్కువున్న సూపర్ రకం పోస్తున్నాను.

నలభయ్యేళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని బండికి 2018 మే నుంచి ఎమ్మోటీ తప్పనిసరి కాదు. అయినా బండి రోడ్డుకి తగ్గట్టు ఉంచే బాధ్యత మనదే. నేను అడిగి మరీ పరీక్ష చేయించాను. ఫెయిల్! వెనక స్ప్రింగు పట్టుకునే చోట తుప్పు. ప్రస్తుతం వెల్డింగ్‌లో ఉంది.

నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒకటే: "హారన్ మోగుతోందా?"