తాతగారి విశ్వాసము మనకు చాలునా?

"మీరు ఎప్పటినుండి క్రైస్తవులు?" అని ఎవరైనా అడిగితే మనలో అనేకులము "మా తాతగారి కాలమునుండి" అని సంతోషముగా చెప్పుకొందుము. అది దేవుని కృపయే. అయితే విశ్వాసము పొలమువలె, ఇంటివలె పంపకములో వచ్చునది కాదు. షెకెములో యెహోషువ ప్రజలను సమకూర్చి, ఎవరి పక్షమున నిలుతురో ఆ దినమే తేల్చుకొమ్మని అడిగెను (యెహోషువ 24). తండ్రులకు దేవుడు చేసిన మేలులు వారికి తెలియును. అయినను ఎవరి తీర్మానము వారే చేసికొనవలసి వచ్చెను.

మన తెలుగు సంఘముల చరిత్రలోను ఇదే కనబడుచున్నది. 1866లో తోళ్ళ వ్యాపారము చేయు యర్రగుంట్ల పేరయ్యగారు, ఆయన భార్య నాగమ్మగారు బాప్తిస్మము పొందిరి. వారి సాక్ష్యమువలన ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెలలో సువార్త వ్యాపించెను. విశ్వసించినవారు ఆదివారము పని మానిరి, విగ్రహారాధన విడిచిరి, చచ్చిన పశువుల మాంసము తినుట మానిరి. జాతరలో డప్పు కొట్టమనిరి. ఇందువలన ఊరి పెద్దల కోపమునకు గురియైరి, కూలి పోగొట్టుకొనిరి. ఆ తీర్మానము వారికి చౌకగా దొరకలేదు.

తరువాత 1876-78 సంవత్సరములలో ఘోరమైన కరవు వచ్చెను. మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించిరి. ఆ దినములలో అనేకులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఏడాదికి పైగా ఎవరికిని ఇవ్వలేదు. గింజల కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో తేలవలెనని కనిపెట్టిరి. సహాయము ముగిసిన తరువాత కూడ జనులు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి యొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

నేడు మనలను మనము ప్రశ్నించుకొందము. పెండ్లి గుడిలో జరుగవలెనని మాత్రమే మన బిడ్డకు బాప్తిస్మము ఇప్పించుచున్నామా? పండుగకు క్రొత్త బట్టలు, సమాధుల తోటలో స్థలము, ఇంతటితోనే మన భక్తి ముగియుచున్నదా?

విశ్వాసమునకు సద్గుణములను ఒకదాని వెంట ఒకటి చేర్చుకొనుమని పేతురు బోధించెను (2 పేతురు 1:5-7). ఇవి గుడిలోకంటె ఇంటిలోను, పొలములోను ఎక్కువగా పరీక్షింపబడును. కుమారునికి కట్నము అడుగకుండుట ఆశానిగ్రహము. గట్టు తగాదాలో మాట తూలకుండుట సహనము. ఎవరును చూడకున్నను పాలలో నీళ్ళు కలుపకుండుట భక్తి. మనతో మాట్లాడని పొరుగువాని ఇంట జ్వరము వచ్చినప్పుడు గంజి పంపుట సహోదర ప్రేమ. ఇవి ఒక్కనాటితో రావు. ప్రతి ఉదయము మరల కోరుకొనవలెను. మన బలముతో కాదు, ప్రార్థనలో ప్రభువు ఇచ్చు శక్తితో కోరుకొనవలెను.

తల్లిదండ్రులారా, మన పిల్లలకు బైబిలు పేరు పెట్టుట మంచిదే. కాని మన ఇంటి కుటుంబ ప్రార్థన, మన నోటి మాట, మన కొలపాత్ర వారికి కనబడుచున్నవి. వాటిని చూచి ఒక దినమున వారును స్వయముగా ప్రభువును కోరుకొందురు గాక. అట్టి కృప దేవుడు మన కుటుంబములకు దయచేయును గాక.