కండపుష్టి, మద్యపానం: పోలీసు భర్తీకి సిద్ధమయ్యేవారు తెలుసుకోవలసిన విషయాలు

ప్రాణహిత నది గోదావరిలో కలిసే చోట ఉన్న సిరొంచలో తెల్లవారకముందే మైదానానికి చేరే తెలుగు యువతీయువకులలో అనేకుల లక్ష్యం పోలీసు భర్తీ. మహారాష్ట్ర పోలీసు కానిస్టేబులు దేహదారుఢ్య పరీక్షకు 50 మార్కులు. పురుషులకు 1600 మీటర్లు, స్త్రీలకు 800 మీటర్లు, ఇరువురికీ 100 మీటర్ల పరుగు, గుండు విసరడం ఇందులో ఉంటాయి. ఇటువంటి పోటీలో సెకనులో కొంత భాగం, జానెడు దూరం కూడా అభ్యర్థి భవిష్యత్తును నిర్ణయించవచ్చు. నెలల తరబడి సాగిన సాధనను సాయంకాలపు మద్యపానం ఏ విధంగా దెబ్బతీస్తుందో అభ్యర్థులు, వారి తల్లిదండ్రులు తెలుసుకోవడం అవసరం.

కండ ఎప్పుడు పెరుగుతుంది?

వ్యాయామం చేస్తున్న సమయంలో కండ పెరగదు. బరువులు ఎత్తినప్పుడు, వేగంగా పరుగెత్తినప్పుడు కండరపు పోగులు ఒత్తిడికి లోనవుతాయి. ఆ తరువాత సుమారు ఒక రోజు పాటు శరీరం ఆహారంలోని మాంసకృత్తులను గ్రహించి, ఆ పోగులను బాగుచేసి, మునుపటికంటె దృఢంగా నిర్మిస్తుంది. మైదానంలో పడిన శ్రమ పునాది మాత్రమే. గోడ లేచేది భోజనానంతరం, విశ్రాంతిలో, ముఖ్యంగా నిద్రలో. మద్యం శరీరంలో ప్రవేశించేది కూడా సాధారణంగా ఆ వేళలోనే.

ప్రయోగాలు తేల్చినది

2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు వ్యాయామానికి అలవాటుపడిన 8 మంది పురుషులపై ఒక ప్రయోగం ప్రచురించారు. వారి చేత బరువులు ఎత్తించి, సైకిలు తొక్కించి, అనంతరం శరీరపు ప్రతి కిలో బరువుకు 1.5 గ్రాముల చొప్పున ఆల్కహాలు ఇచ్చారు. మాంసకృత్తులు మాత్రమే తీసుకున్నప్పటితో పోలిస్తే, వాటితోపాటు మద్యం సేవించినప్పుడు కండర నిర్మాణం 24 శాతం తగ్గింది. మాంసకృత్తులు లేక పిండిపదార్థాలతో మద్యం సేవించినప్పుడు 37 శాతం తగ్గింది. మందుతోపాటు కోడికూర తింటే నష్టముండదనే నమ్మకానికి ఆధారం లేదని దీనివల్ల తెలుస్తున్నది. మంచి ఆహారం నష్టాన్ని కొంత తగ్గించగలదే కాని పూర్తిగా పూడ్చలేదు.

ఆ ప్రయోగంలో ఇచ్చిన మోతాదు ఎక్కువే. 70 కిలోల వ్యక్తికి అది 105 గ్రాములు. 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టరులో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది కనుక, ఆ మోతాదు రెండు క్వార్టర్లకు కొంచెం తక్కువ. న్యూజిలాండులో జరిగిన మరొక పరిశోధనలో కిలోకు 1 గ్రాము తీసుకున్నవారి కండరాలు కఠిన వ్యాయామం తరువాత బలాన్ని తిరిగి పొందడం మందగించింది. అర గ్రాము తీసుకున్నప్పుడు అటువంటి తేడా కనిపించలేదు. ఒక గుక్కతో కండ కరిగిపోతుందని చెప్పడం సత్యం కాదు. అయితే 60 కిలోల యువకునికి ఒక్క క్వార్టరుతోనే కిలోకు 1 గ్రాము చొప్పున లెక్క పూర్తవుతుంది. పైగా, ఆరోగ్యానికి హానిలేని మద్యపు మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

మరునాటి మైదానం

కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే విచ్ఛిన్నం చేయగలదు. రాత్రి పది గంటలకు ఒక క్వార్టరు పూర్తిచేసిన వ్యక్తి ఉదయం ఐదు గంటలకు పరుగుకు వచ్చినప్పుడు కూడా అతని రక్తంలో కొంత మద్యం మిగిలి ఉండవచ్చు. మద్యం త్వరగా నిద్రపుచ్చినప్పటికీ రాత్రి రెండవ సగంలో ఆ నిద్రను చెదరగొడుతుంది. గాఢనిద్రలో వెలువడే పెరుగుదల హార్మోను తగ్గుతుంది. మూత్రం అధికమై శరీరంలోని నీరు తరిగిపోతుంది. ఈ ప్రాంతపు వేసవి ఎండలో ఇది వడదెబ్బకు దారితీయగలదు.

రెండు అపోహలు

బీరు తాగితే ఒళ్ళు చేస్తుందని కొందరు యువకులు భావిస్తారు. ఒక్కో గ్రాము ఆల్కహాలు 7 కిలోకేలరీల శక్తినిస్తుంది. 8 శాతం ఆల్కహాలున్న 650 మిల్లీలీటర్ల బీరులో ఆల్కహాలు నుంచే దాదాపు 290 కిలోకేలరీలు చేరతాయి. దానివల్ల పెరిగేది పొట్టే కాని కండ కాదు.

పగలంతా కష్టం చేసిన ఒళ్ళునొప్పులకు మందే ఔషధమనేది రెండవ అపోహ. మద్యం నొప్పి తెలియకుండా చేస్తుంది. నొప్పికి కారణమైన కండరాన్ని మాత్రం బాగుచేయదు. ఏళ్ల తరబడి అధికంగా సేవించేవారిలో భుజాలు, తొడల కండరాలు క్షీణిస్తాయి. వేగపు పరుగుకు, గుండు విసరడానికి తోడ్పడే పోగులే ముందుగా దెబ్బతింటాయి. మద్యం మానివేసిన అనేకులలో కొన్ని నెలలకు బలం తిరిగి రావడం ఆశాజనకమైన విషయం.

నదికి ఇరువైపులా చట్టం

గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం అమలులో ఉన్నది. వంతెన దాటితే కాళేశ్వరం వైపు తెలంగాణలో లైసెన్సు దుకాణాలలో మద్యం లభిస్తుంది. అక్కడ కొన్న సీసాను జిల్లాలోకి తీసుకురావడం మాత్రం నేరం. పోలీసు ఉద్యోగానికి ఎంపికైనవారి నడవడిపై విచారణ జరుగుతుంది కనుక, కేసు నమోదైతే మైదానంలో సాధించిన మార్కులు నిష్ఫలం కావచ్చు. చాటుగా అమ్మే నాటుసారా, ఇప్పసారాలలో ఆల్కహాలు ఎంత ఉన్నదో తెలియదు. కల్తీ సారాలో మిథైల్ ఆల్కహాలు కలిస్తే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

చేయదగినది

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు ప్రతి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులను సిఫారసు చేసింది. 60 కిలోల వ్యక్తికి ఇది సుమారు 50 గ్రాములు. కఠిన వ్యాయామం చేసేవారికి ఇంతకంటె ఎక్కువ కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, అంతే తూకం వేరుశనగపప్పులో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. క్వార్టరుకయ్యే ఖర్చుతో కొన్ని రోజులకు సరిపడే గుడ్లు, పప్పు కొనవచ్చు. వీటికి ఏడెనిమిది గంటల నిద్ర తోడైతే సాధన ఫలిస్తుంది.

ప్రతిదినం అధికంగా తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా మానివేస్తే చేతుల వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం కలగవచ్చు. అటువంటివారు వైద్యుని పర్యవేక్షణలోనే మానడం క్షేమం. ఈ లక్షణాలు కనిపించిన వెంటనే కుటుంబసభ్యులు వారిని ఆసుపత్రికి చేర్చాలి. మరాఠీలోనో హిందీలోనో తమ బాధ చెప్పుకోలేనివారు కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు. వ్యసన విముక్తికి జాతీయ సహాయవాణి 14446 కూడా అందుబాటులో ఉన్నది. ఇంటిలోని వారు నిందించకుండా ఆ ఫోను కలిపి ఇవ్వగలిగితే, మానాలనుకునే వ్యక్తికి అదే మొదటి సాయం.