జాలి చెరగా మారితే...

పిల్లిని కట్టేసి, తాను తిండి పెట్టక, అది వెదుక్కు తినేందుకు వదలక చంపిన స్త్రీ నరకం పాలైందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఈ హదీసు మనం ఎరిగినదే. ఆమెది నిర్దయ. కానీ జాలితోనే మూగజీవాలను అదే గతికి తెచ్చేవారూ ఉన్నారు.

వీధిపిల్లులను ఒక్కొక్కటిగా ఇంటికి తెస్తారు. అవి ఈని పెరిగిపోతాయి. మేత చాలదు, దుర్గంధం, రోగాలు. కళ్లెదుటే చస్తున్నా 'నా దగ్గర సుఖంగానే ఉన్నాయి' అంటారు. ఒక్కదాన్నీ ఎవరికీ ఇవ్వరు. అమెరికా పశువైద్యుడు గ్యారీ పెట్రోనెక్ 1999లో దీన్ని ప్రజారోగ్య సమస్యగా వివరించారు. 2013లో అక్కడి మనోవైద్యుల సంఘం పోగుచేసే జబ్బును ప్రత్యేక మానసిక రుగ్మతగా గుర్తిస్తూ, జంతువులను పోగుచేయడాన్నీ ప్రస్తావించింది.

పెంచే జీవికి తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం మన దేశంలో 1960 నాటి చట్టం ప్రకారం నేరం. అయితే జంతువులను తరలించినంత మాత్రాన సమస్య తీరదు. ఒంటరితనమో, ఆప్తుల మరణమో లోపల తొలుస్తుంటే మళ్లీ తెచ్చుకుంటారు. కనుక ఎగతాళి మాని, పశువైద్యునితోపాటు మానసిక వైద్యుని వద్దకూ తీసుకెళదాం. సాకగలిగినన్నే ఉంచి, వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దాం. తరచూ వెళ్లి పలకరిద్దాం. ఆ మనిషీ, ఆ జీవాలూ ఇద్దరూ మన కరుణకు అర్హులే.