ఇంటర్‌తో ఆగిన అమ్మ – ఎం.టెక్ అంటున్న కూతురు

"అమ్మా, పెళ్లి మాట రెండేళ్లు పక్కన పెట్టండి. నేను సిస్టమ్స్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్ చేస్త" అని మా అమ్మాయి అన్నరోజు నేను సకినాలు చుడుతున్నాను. చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది. పక్కనే ఉన్న మా ఆడబిడ్డ "ఇంకెంత చదువుతది వదినా? దానికంటే ఎక్కువ చదివిన పిలగాణ్ని యాడికెల్లి తెస్తరు?" అంది. మీ ఇంట్లోనూ ఈ మాట ఎవరో ఒకరు అనే ఉంటారు కదూ!

నేను కరీంనగర్‌లో ఇంటర్ పాసయిన ఏడాదే పెళ్లిపీటలెక్కాను. సిస్టమ్స్ అంటే కంప్యూటర్లే అనుకున్నాను. కాదట. అమ్మాయి చెప్పింది మీకు నా మాటల్లో చెబుతాను.

అసలేమిటీ చదువు?

పెళ్లివంట తలచుకోండి. పప్పు వండేవారు వేరు, బూరెలు వేసేవారు వేరు. కానీ ఏ పొయ్యి మీద ఏది ముందెక్కాలి, నీళ్లు సరిపోతాయా, మొదటి బంతి లేచేసరికి రెండో బంతికి అన్నం సిద్ధమా అని అన్నీ కలిపి చూసే పెద్దావిడ ఒకరుంటారు. ఆవిడ లేకపోతే ఎన్ని రుచులున్నా పరువు దక్కదు. యంత్రాల విషయంలో ఆ పెద్దావిడ పనే సిస్టమ్స్ ఇంజనీరింగ్.

మన రామగుండం ఎన్టీపీసీనే చూడండి. 1983లో అక్కడ మొదటి యూనిట్ నడిచింది. సింగరేణి బొగ్గు, గోదావరి నీళ్లు, బాయిలరు, టర్బైను, జనరేటరు, తీగలు – ఒకదానికొకటి పొత్తు కుదిరితేనే మన ఇంట్లో మిక్సీ తిరిగేది.

పొత్తు కుదరకపోతే? 1999లో అమెరికా వారి నాసా అంగారకుడి మీదికి పంపిన నౌక ఒకటి అక్కడిదాకా వెళ్లి నాశనమైంది. ఒక ప్రోగ్రాం పౌండ్ల లెక్కలో అంకెలిచ్చింది, వాటిని తీసుకున్నవారు న్యూటన్ల లెక్క అనుకున్నారు. తులాలో, గ్రాములో అడగకుండా బంగారం కొన్నట్టు! ఇలాంటివి ముందే పట్టుకోవడమే ఈ ఇంజనీర్ల పని.

ఇంటర్ దగ్గరే ఆగని లలితమ్మ

ఆడపిల్లకు ఇదంతా ఎందుకనేవారికి అయ్యలసోమయాజుల లలితగారి సంగతి చెప్పండి. మద్రాసులో 1919లో పుట్టిన మన తెలుగింటి ఆడపడుచు. పదిహేనేళ్లకే పెళ్లి. పద్దెనిమిదేళ్లకు భర్త పోయారు. అప్పటికి చేతిలో పాప నాలుగు నెలలది. ఆమె ఇంటర్ ఫస్టు క్లాసులో పాసయి, తండ్రి ప్రొఫెసరుగా ఉన్న గిండీ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరారు. డాక్టరయితే వేళకాని వేళ పిలుపులొస్తాయి, పాపను వదిలి వెళ్లాలి అని ఇంజనీరింగే ఎంచుకున్నారట. కలకత్తా కంపెనీలో పనిచేస్తూ సబ్‌స్టేషన్ల, కరెంటు లైన్ల డిజైన్లు చేశారు. భాక్రానంగల్ జనరేటర్ల పనిలోనూ ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లారు. అది చదివి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. నేనూ ఇంటరే కదా!

మన పిల్లలకు దారి

మా అమ్మాయికి అక్షరాభ్యాసం బాసరలో చేయించాం. 2008లో అక్కడే ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి మార్కులతో చేరితే ఆరేళ్లకు బి.టెక్ చేతికొస్తుంది. జగిత్యాల, మంథనిలలో జేఎన్‌టీయూ కాలేజీలున్నాయి.

ఎం.టెక్ రెండేళ్లు. దానికి గేట్ పరీక్ష రాయాలి. ఆడపిల్లలకు ఫీజు తక్కువ. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీ బొంబాయిలో సిస్టమ్స్ అండ్ కంట్రోల్ అనే కోర్సే ఉంది. అంత దూరం వద్దనుకుంటే వరంగల్ ఎన్‌ఐటీలో పవర్ సిస్టమ్స్ ఉంది. గేట్ స్కోరుతో ఇలాంటి చోట సీటొస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండు. ఎన్టీపీసీలాంటి సంస్థలు గేట్ స్కోరు చూసి ఉద్యోగాలు కూడా ఇస్తుంటాయి. రక్షణ, అంతరిక్షం, రైల్వే సిగ్నళ్లు – పెద్ద యంత్రాంగం ఉన్నచోటల్లా ఈ చదువుకు పనుంది.

ఒక జాగ్రత్త. కొన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్తగా చేరినవారికి కూడా 'సిస్టమ్స్ ఇంజనీర్' అని హోదా ఇస్తాయి. అది వేరు, ఇది వేరు. పేరు చూసి మోసపోకుండా పని ఏమిటో అడగమనండి.

ఇక మా ఇంటి సంగతి. "దాని గొలుసు కోసం దాచింది కోచింగుకు కడదాం. గొలుసు మెళ్లోనే ఉంటది, చదువు ఎక్కడికి పోయినా వెంటొస్తది" అన్నాను. మావారు రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు తనే ఫారం నింపడానికి ఫొటోలు తెచ్చారు. ఆడబిడ్డ ఇంకా మూతి ముడుచుకునే ఉంది. సకినాలు మాత్రం తింది!

సీటొస్తుందో రాదో తెలియదు. అమ్మాయి తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదువుకుంటోంది. నేను టీ పెట్టిచ్చి పక్కన కూర్చుంటున్నాను. నాకు అందని పాఠమే అయినా, ఆ లైటు వెలుగుతుంటే కడుపు నిండినట్టుంటుంది.

మీ అమ్మాయి ఇంకా చదువుతానంటే కాదనేముందు, ఒక్కసారి ఎందుకో కూర్చోబెట్టి అడగండి.