షెడ్డుకి ఎర్త్ రాడ్డు ఒక్కటే చాలదు

ఈ వారం ఎపిసోడ్‌లో గబగబా దాటేసిన మాట ఒకటుంది, ఇక్కడ నిదానంగా చెప్తాను. మెయిన్ బిల్డింగ్ నుంచి పక్క షెడ్డుకి ఫీడర్ లాగుతాం కదా. సింగపూర్‌లో నా మొదటి ఏడాది, ఊళ్ళో మోటారు దగ్గర చేసినట్టే షెడ్డు పక్కన రాడ్డు దించి, బాక్సు బాడీని దానికే కలపబోయాను. మా సీనియర్ అన్న ఆపేశాడు. "తమ్ముడూ, ముందు లెక్క వెయ్యి" అన్నాడు.

మట్టి దారి మొత్తం 10 ఓమ్‌లు అనుకోండి. ఫేజ్ వైరు బాడీకి తగిలితే 230 వోల్టులకి పారేది 23 ఆంపియర్లే. 63 ఆంపియర్ల బ్రేకర్ పడదు. బాడీ మాత్రం షాక్ కొడుతూనే ఉంటుంది! అందుకే మెయిన్ బోర్డు నుంచి ఫీడర్‌తో పాటే ఎర్త్ వైరు రావాలి, ఆర్‌సీసీబీ కూడా ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్లదైతే, అంత కొంచెం కరెంటు దారి తప్పినా పడిపోతుంది.

షెడ్డులో న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపొద్దు. కలిపితే ఆర్‌సీసీబీ ఊరికే పడుతుంటుంది, విసుగెత్తి ఎవరో ఒకరు దాన్నే తీసేస్తారు. తర్వాత న్యూట్రల్ తెగిందా, ఇనప తలుపు ముట్టుకున్నా షాకే. షెడ్డు మొత్తాన్ని ఆపే ఐసొలేటర్ షెడ్డులోనే, చేతికి అందేలా ఉండాలి.

ఇక్కడి వైరింగ్ నియమాలు ఎస్‌ఎస్ 638లో ఉంటాయి. ఊళ్ళో పదేళ్ళు చేసినా సరే, ఈఎంఏ లైసెన్సున్న ఎలక్ట్రికల్ వర్కర్ పర్యవేక్షణ లేకుండా బోర్డు విప్పకండి.