రెండు వందల గీత దాటిస్తున్న గీజరు

భద్రాచలం: ధనుర్మాసం వచ్చిందంటే గోదావరి గట్టున, అడవి అంచు ఊళ్లలో చలి ముదురుతుంది. తెల్లవారుజామున డాబాపై ట్యాంకు నీళ్లు తగిలితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఒకప్పుడైతే పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, దానిపై మసిబారిన కాగు ఉండేవి. భద్రాచలం, సారపాక, పాల్వంచల్లో లేచిన అపార్టుమెంట్లకు పెరడే లేదు. అందుకే స్నానాల గదిలో గీజరు తప్పనిసరి అయింది. అయ్యప్ప మాల వేసినవారికి మాత్రం ఈ బెంగ లేదు, వారిది చన్నీటి స్నానమే.

అసలు బెంగ బిల్లుతోనే. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి వర్తించే ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. ఒక్క యూనిట్ దాటినా ఆ నెల మొత్తం కట్టాల్సిందే. 2022లో ఖరారైన ధరల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకే 1,020 రూపాయలవుతుంది. వేసవిలో ఈ గీత దాటించేది కూలర్లు, ఏసీలు. చలికాలంలో గీజరు.

లెక్క చూడండి. 2,000 వాట్ల గీజరు గంట కాలితే రెండు యూనిట్లు. ఒక్కొక్కరికి 18 లీటర్ల చొప్పున నలుగురి స్నానాలకు, 20 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తేవడానికి రోజుకు సుమారు 1.7 యూనిట్లు, నెలకు 50. ఇది ఎలాగూ తప్పని ఖర్చు. తప్పించుకోగలిగింది మరొకటుంది. రోజంతా స్విచ్ వేసి ఉంచితే తొట్టిలోని వేడి నెమ్మదిగా బయటికి పోతుంది, గీజరు మళ్లీ మళ్లీ వెలుగుతుంది. ఎవరూ చెంబెడు నీళ్లు వాడకపోయినా, గీజరు రకాన్నిబట్టి రోజుకు అర యూనిట్ నుంచి యూనిట్ దాకా ఇలా పోతుంది. ఆపి మళ్లీ వేస్తే ఎక్కువ కాలుతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. నీళ్లు ఎంతసేపు వేడిగా నిలవుంటే అంత నష్టం. 25 లీటర్లు 60 డిగ్రీలకు కాగడానికి పట్టేది 35 నిమిషాలే. స్నానాలు ఒకరి వెంట ఒకరు ముగించి ఆపేస్తే సరి.

పాల్వంచ కేటీపీఎస్‌లోనైనా, మణుగూరు భద్రాద్రి కేంద్రంలోనైనా ఒక యూనిట్ కరెంటుకు అర కిలోకు పైనే బొగ్గు మండాలి. పెరట్లో కట్టెల పొయ్యి ఆరింది గానీ, పొయ్యి అయితే వేరేచోట మండుతూనే ఉంది.

గీజరు నుంచి వంటగదికి పైపు వేయించుకున్నవారు ఇంకొకటి గమనించాలి. పది మీటర్ల అరంగుళం పైపులో దాదాపు రెండు లీటర్ల వేడినీళ్లు నిలిచి చల్లారిపోతాయి. రెండు గిన్నెలు కడగడానికి పంపు తిప్పిన ప్రతిసారీ ఈ నష్టమే. బోరు నీళ్లయితే కాయిల్‌పై సున్నపు పొర కడుతుంది. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించాలి. నీటిచుక్కలు కారుతున్నాయని సేఫ్టీ వాల్వును బిగించేయడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. బకెట్లో వేసే హీటరు కడ్డీ పొదుపైనదే, నిల్వ నష్టం ఉండదు. కానీ ఎర్తింగ్ లేని ఇంట్లో, పిల్లలు తిరిగేచోట దాని జోలికి పోకూడదు. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీటిలో చెయ్యి పెట్టాలి.

వృద్ధులు, పసిపిల్లల స్నానాలు మధ్యాహ్నానికి జరుపుకుంటే మరో లాభం. అప్పటికి డాబాపై నల్ల ట్యాంకు ఎండకు కాగి, నీళ్లలో చలి విరిగి ఉంటుంది. శివరాత్రి దాటితే ఇక గీజరుతో పనే ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట చన్నీళ్ల పంపు తిప్పినా వేన్నీళ్లే వస్తాయి.